సింప్సన్స్‌లో అన్నిటికంటే వీక్ ఎపిసోడ్ ఏది? కారణంతో సహా చెప్పండి

డోనట్_డబ్బా
స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో ఉండే హోమర్, మార్జ్, వాళ్ల పిల్లలు బార్ట్, లీసాల ఈ అమెరికన్ కార్టూన్ సీరియల్‌ని మళ్లీ మొదటి సీజన్ నుంచి వరసగా చూసుకుంటూ వస్తున్నాను. ఎనిమిదో సీజన్ దాకా ఫార్వర్డ్ బటన్ జోలికి పోలేదు. తొమ్మిదిలో అడుగు పెట్టానో లేదో, రెండో ఎపిసోడే ‘ద ప్రిన్సిపల్ అండ్ ద పాపర్’. 1997 సెప్టెంబరులో వచ్చింది. అన్నేళ్లుగా మనం చూస్తున్న పిల్లల స్కూల్ ప్రిన్సిపల్ స్కిన్నర్ అసలు స్కిన్నరే కాదట. ఆర్మిన్ టామ్జేరియన్ అనే అనాథట. యుద్ధంలో చనిపోయాడనుకున్న తన సార్జెంట్ పేరు పెట్టుకుని, ఆయన తల్లి దగ్గర కొడుకులా బతికేస్తున్నాడట. అసలు స్కిన్నర్ తిరిగొస్తే ఊరు ఊరంతా ఆయన్ని కుర్చీకి కట్టేసి రైలెక్కించి పంపేస్తుంది. ఆఖర్లో జడ్జిగారు, ఈ సంగతి ఇక ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే చిత్రహింసలే అని తీర్పిస్తాడు. అంతే, అయిపోయింది. నాకు ఒళ్లు మండింది.

నవ్వు రాకపోతే పోనీలే అనుకుని పక్క ఎపిసోడ్‌కి వెళ్లిపోతాం. ఇది మాత్రం వెనక్కి వెళ్లి పాతవాటిని కూడా పాడుచేసింది. స్కిన్నర్, తల్లి ఆగ్నెస్ కలిసి ఉన్న ప్రతి సీనూ ఇప్పుడు అనుమానంగా చూడాల్సి వస్తోంది. నా ఓటు దీనికే. మీ ఓటు ఏదో చెప్పండి. ఒకటే షరతు: ‘కొత్త సీజన్లన్నీ చెత్తే’ అని ఒక్క ముక్కలో తేల్చేయకూడదు. ఫలానా ఎపిసోడ్, ఫలానా కారణం అని ఉండాలి.

సీజన్8_చాలు
కొత్త సీజన్లన్నీ చెత్తే.

డోనట్_డబ్బా
షరతు చదివి మరీ ఈ పని చేశావు కదా.

సీజన్8_చాలు
చదివాను కాబట్టే. సరే, ఇప్పుడు సీరియస్‌గా. నా ఓటు ‘శాడిల్‌సోర్ గలాక్టికా’కి. 2000 ఫిబ్రవరి, 11వ సీజన్. లీసా స్కూల్ బ్యాండ్ పోటీలో ఓడిపోవడంతో మొదలవుతుంది. అవతలి స్కూలు వాళ్లు మోసం చేసి గెలిచారని పిల్లకి కోపం. అక్కణ్నుంచి గుర్రం. గుర్రం నుంచి రేసులు. రేసుల నుంచి ఎక్కడికి పోయిందో తెలుసా? జాకీలందరూ నేల కింద బతికే ఎల్ఫ్‌లట! పిల్లల కథల్లో ఉండే ఎల్ఫ్‌లు! అది ఏటా వచ్చే హాలోవీన్ స్పెషల్ ‘ట్రీహౌస్ ఆఫ్ హారర్’ కూడా కాదు, మామూలు ఎపిసోడ్. ఏ రచయిత కూడా దాన్ని ‘కథ’ అని ఒప్పుకోడు.

రాత్రి_షిఫ్ట్
ఎల్ఫ్‌లకి నేను కూడా ఓటేస్తా. ఆ సీను మొదటిసారి చూసినప్పుడు ఛానెల్ మారిపోయిందేమో అనుకున్నా.

టామ్జేరియన్
నా పేరు చూస్తే నేనెటు మాట్లాడతానో తెలిసిపోతుంది. పాపర్ ఎపిసోడ్‌ని తిట్టేవాళ్లు దాన్ని సరిగ్గా చూడలేదని నా నమ్మకం.

రాసినవాడు కెన్ కీలర్. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో టిచ్‌బోర్న్ కేసు అని పెద్ద గొడవ నడిచింది. సముద్రంలో పోయాడనుకున్న వారసుణ్ని నేనే అంటూ ఒకడు తిరిగొస్తాడు, తల్లి అతన్నే కొడుకని నమ్ముతుంది. కీలర్‌కి ఆ కేసే స్ఫూర్తి. తనకి అలవాటైనదే కావాలి, నిజం అక్కర్లేదు అనుకునే జనం గురించి రాశాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్లు అసలు స్కిన్నర్‌ని ఎందుకు తరిమేస్తారు? ఆయన చెడ్డవాడు కాదు, తప్పేమీ చేయలేదు. మార్టిన్ షీన్ గొంతు కూడా హుందాగా ఉంటుంది. అయినా పాతవాడే కావాలంటారు. డోనట్, నీకు ఒళ్లు మండింది చూడు, అదే ఆ ఎపిసోడ్‌లో ఉన్న విషయం. ఊరివాళ్లు చేసిన పనే నువ్వూ చేస్తున్నావు.

డోనట్_డబ్బా
ఉద్దేశం గొప్పది కావచ్చు. దానికోసం బలిచ్చింది ఎవరిని? ఎనిమిదేళ్లు ప్రేమించిన మనిషిని. స్కిన్నర్‌కి గొంతిచ్చిన హ్యారీ షియరర్ కూడా ఇదే మాట అన్నాడు. ఇన్నేళ్లుగా ప్రేక్షకులు మనసు పెట్టుకున్నదాన్ని కారణం లేకుండా చెత్తబుట్టలో వేస్తున్నారని రచయితలతోనే చెప్పాడు. ఆ పాత్రకి గొంతైన మనిషికే కష్టం అనిపించిందంటే నాకు అనిపించడంలో తప్పేముంది?

స్నోబాల్_5
డోనట్‌తో నేను సగమే ఏకీభవిస్తాను. దెబ్బ తగిలిన మాట నిజమే, కానీ మానిన తీరు అందంగా ఉంది. 15వ సీజన్‌లో లీసా పిల్లులు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతుంటాయి. ఐదోదాన్ని కూడా పాత పిల్లి పేరుతో స్నోబాల్ 2 అనే పిలుద్దాం, గిన్నె మీద పేరు మార్చే పని తప్పుతుంది అంటుంది లీసా. అటుగా వెళ్తున్న స్కిన్నర్ ఆగి, అది మోసం కాదా అంటాడు. లీసా అతని మొహంలోకి చూసి ప్రిన్సిపల్ టామ్జేరియన్ అని పిలుస్తుంది. ఇక వాదించకుండా వెళ్లిపోతాడు. ఏడేళ్ల గొడవకి అంత చిన్న సీనులో జవాబిచ్చారు. నా పేరు కూడా అక్కణ్నుంచే.

లీసా_పక్షం
ఆ పిల్లి సీను నాకు ప్రాణం. అయితే ‘జోకుగా సర్దుబాటు చేశారు కాబట్టి పాపర్ ఎపిసోడ్ తప్పు లేదు’ అనలేం.

నా ఓటు ‘ద బాయ్స్ ఆఫ్ బమ్మర్’కి. 18వ సీజన్, 2007. దీన్ని ఇంకా ఎవరూ ఎత్తలేదంటే ఆశ్చర్యంగా ఉంది. బార్ట్ బేస్‌బాల్ ఫైనల్లో చేతికొచ్చిన క్యాచ్ వదిలేస్తాడు. పక్క ఊరు షెల్బీవిల్ గెలుస్తుంది. ఊరంతా ఆ పదేళ్ల పిల్లాణ్ని వెంటాడి తిడుతుంది. వాడు నీళ్ల ట్యాంకు ఎక్కి, బార్ట్ సింప్సన్ అంటే నాకు అసహ్యం అని ట్యాంకంతా తనే రాసుకుంటాడు. తర్వాత పైనుంచి పడి ఆసుపత్రి పాలవుతాడు. ఇది కామెడీ అని మనకి చూపించారు! ఆఖర్లో మార్జ్ అందరికీ చీవాట్లు పెడితే, వాడికి ధైర్యం రావాలని ఊరంతా కలిసి మళ్లీ ఒక దొంగ మ్యాచ్ ఆడుతుంది. పిల్లాణ్ని ఆ స్థితికి తెచ్చి, తర్వాత చేసే ఆ మంచిపని చూస్తే నాకు మరింత కడుపు మండింది. ఎల్ఫ్‌లు పిచ్చివేషాలే, ఎవరికీ నొప్పి లేదు. ఇది క్రూరత్వం.

కాఫీ_కప్పు
+1. మా అబ్బాయి పక్కన కూర్చుని చూస్తుండగా ఆ ట్యాంకు సీను వచ్చింది. వాడు నవ్వలేదు, నా చెయ్యి పట్టుకున్నాడు. వెంటనే ఆపేశాం.

సీజన్8_చాలు
సింప్సన్స్ ఎప్పుడు క్రూరంగా లేదు? ‘హోమర్స్ ఎనిమీ’ మాటేంటి? 1997లో, మనమంతా నెత్తిన పెట్టుకునే ఎనిమిదో సీజన్‌లోనే వచ్చింది. ఫ్రాంక్ గ్రైమ్స్ కష్టపడి పైకొచ్చిన మనిషి, అణు ప్లాంటులో తోటి ఉద్యోగి హోమర్ నిర్లక్ష్యం చూసి చూసి మతి పోయి హైవోల్టేజ్ తీగలు పట్టుకుని చచ్చిపోతాడు. అంత్యక్రియల్లో హోమర్ నిద్రలో ఏదో గొణిగితే అందరూ నవ్వుతారు. అది మాస్టర్‌పీసా, ఇది క్రూరత్వమా?

గ్రైమీ
నన్ను పిలిచారు, వచ్చాను.

రెండూ ఒకటి కాదు గురూ. గ్రైమ్స్ ఎపిసోడ్‌లో రచయిత జాన్ స్వార్ట్జ్‌వెల్డర్ ఒక ప్రశ్న వేశాడు: మనలాంటి మామూలు మనిషి ఒకడు ఈ కార్టూన్ ప్రపంచంలోకి వస్తే ఏమవుతుంది? హోమర్ ఇంటికి వచ్చి ఆ ఇల్లు, కుటుంబం చూసి గ్రైమ్స్ ఆగిపోయే సీను గుర్తుందా? మాజీ అధ్యక్షుడు ఫోర్డ్ ఎదురింట్లో ఉండటం, హోమర్ అంతరిక్షంలోకి వెళ్లడం, గ్రామీ గెలవడం, అన్నీ మనం చూసినవే. మనం నవ్వుకున్న ప్రతిదీ ఆయనకి అవమానంలా కనిపిస్తుంది. అందుకే ఆ చావు మింగుడు పడదు, పడకూడదు కూడా. మొదట వచ్చినప్పుడు అది కూడా చాలామందికి నచ్చలేదు. బాయ్స్ ఆఫ్ బమ్మర్‌లో అలాంటి ప్రశ్న ఏముంది? పిల్లాడు క్యాచ్ వదిలాడు, ఊరు ఏడిపించింది. అంతేగా.

లీసా_పక్షం
సరిగ్గా నేను చెప్పాలనుకున్నది ఇదే.

అణు_ప్లాంటు
ఇంతమంది ఇంత సీరియస్‌గా మాట్లాడుతున్నారు, నాకు ఒకటే గుర్తొస్తోంది. పూచీ అనే కుక్క వచ్చే ఎపిసోడ్‌లో, కామిక్స్ దుకాణం నడిపే కామిక్ బుక్ గై ఒక కార్టూన్ చూసి, ఇంతవరకూ వచ్చినవాటిలో ఇదే చెత్త ఎపిసోడ్ అంటాడు కదా. నమ్మకమైన ప్రేక్షకుణ్ని కాబట్టి వాళ్లు నాకు బాకీ అంటాడు. బార్ట్ ఏమంటాడు? వేల గంటల వినోదం ఉచితంగా ఇచ్చారు, బాకీ ఏమైనా ఉంటే నువ్వే వాళ్లకి బాకీ అంటాడు. ఆ మాట మనకోసమే రాశారు.

సీజన్8_చాలు
ఆ ఎపిసోడ్ వచ్చింది 1997 ఫిబ్రవరిలో, 167వది. దానితోనే ‘ఫ్లింట్‌స్టోన్స్’ అనే పాత కార్టూన్ ఎపిసోడ్ల రికార్డు దాటారు. అభిమానుల్ని అలా వెక్కిరించే హక్కు అప్పటి వాళ్లకుంది, ఎందుకంటే ఆ వెక్కిరింత కూడా అద్భుతంగా ఉంది. పాత షోలోకి జనం అడగని కొత్త కుక్కని ఎందుకు దూరుస్తారో ఇరవై రెండు నిమిషాల్లో చెప్పేశారు. మూడేళ్ల తర్వాత శాడిల్‌సోర్‌లో అదే కామిక్ బుక్ గై మళ్లీ వస్తాడు. చొక్కా మీద అదే మాట ఉంటుంది. ఈ కుటుంబానికి ఇంతకుముందే గుర్రం ఉండేది కదా అని అడుగుతాడు. హోమర్, వీడు ఏమనుకుంటే ఎవరికి కావాలి అంటే, ఎవరికీ అక్కర్లేదని జనం అరుస్తారు. మొదటిది మనతో వాదన. రెండోది నోరు మూసుకోమనడం. ఈ తేడా నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

గ్రైమీ
ఆ పాత గుర్రం సంగతి ఎత్తావు కాబట్టి, దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

‘లీసాస్ పోనీ’, 1991, మూడో సీజన్. లీసా శాక్సఫోన్ రీడ్ విరిగిపోతుంది. కొత్తది కొనుక్కు రమ్మని తండ్రికి చెప్తుంది. దుకాణం మూసేలోపు వెళ్లాల్సింది పోయి హోమర్ దారిలో బార్‌కి వెళ్తాడు. కూతురు స్టేజి మీద అందరి ముందూ నవ్వులపాలవుతుంది. ఆ తప్పు కడుక్కోవడానికి గుర్రం కొంటాడు. దాని మేతకి, అద్దెకి డబ్బు చాలక, పగలు ప్లాంటులో పని చేసి రాత్రంతా క్విక్-ఈ-మార్ట్ దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడతాడు. ఒళ్లు హూనమైపోయినా పిల్లకి ఒక్క మాట చెప్పడు. మార్జ్ లీసాకి అసలు సంగతి చెప్పి నిర్ణయం తనకే వదిలేస్తుంది. తండ్రి అవస్థ కళ్లారా చూశాక లీసా తనంతట తానే గుర్రాన్ని వదులుకుంటుంది. హోమర్ ఆమెని వీపు మీద ఎక్కించుకుని తిప్పుతాడు.

ఇప్పుడు శాడిల్‌సోర్ పెట్టుకోండి. అదే ఇల్లు, అదే తండ్రి, మళ్లీ గుర్రమే. ఈసారి గుర్రం ఎవరికీ ఏమీ కాదు. ఎవరూ దానికోసం ఏమీ పోగొట్టుకోరు. లీసా బాధతో మొదలైన కథలో లీసా ఆఖరి నిమిషం దాకా కనిపించదు. అందుకే ఎల్ఫ్‌లు పెద్ద సమస్య కాదంటాను నేను. లీసా బాధని మొదటి నాలుగు నిమిషాల్లోనే వదిలేయడం దగ్గరే ఆ ఎపిసోడ్ పోయింది. ఎల్ఫ్‌లు తర్వాత వచ్చారు.

రాత్రి_షిఫ్ట్
గ్రైమీ, ఇంత బాగా చెప్పావు, నా ఓటు ఇంకాస్త గట్టిపడింది.

స్నోబాల్_5
ఆ ఫిబ్రవరి నెల మొత్తం నాకు నచ్చదు. 2000 ఫిబ్రవరి 6న ఎల్ఫ్‌లు, 13న పక్కింటి నెడ్ భార్య మాడ్ ఫ్లాండర్స్ చావు. వారం తేడా. తుపాకీతో విసిరిన టీ-షర్టులు తగిలి స్టాండ్ మీదనుంచి పడి చనిపోతుంది. ఆమెకి గొంతిచ్చిన మ్యాగీ రోస్వెల్ డెన్వర్‌లో ఉండేది. రికార్డింగ్‌కి లాస్ ఏంజిలిస్ రావాలి, ప్రయాణాల ఖర్చుకి తగ్గట్టు జీతం పెంచమని అడిగితే కుదరలేదు, మానేసింది. అలా ఒక పాత్ర పోయింది. రెండేళ్లకి ఆమె తిరిగి వచ్చింది కానీ మాడ్ రాలేదు.

పాత_క్యాసెట్
మాడ్ ఎపిసోడ్ మరీ చెత్త కాదు. నెడ్ చర్చిలోకి వెళ్లే భాగం బాగుంటుంది. నాకు కోపమల్లా ఒక్కదానికే: చనిపోయిన తీరు. అక్కడ హోమర్ కిందికి వంగడం వల్లే ఆమెకి తగిలింది. తర్వాత హోమర్‌లో దాని బాధ కనపడదు. మూడో సీజన్ హోమర్ అయితే వారం నిద్రపోడు.

సీజన్8_చాలు
మైక్ స్కల్లీ చేతిలో ఉన్న సీజన్లలో హోమర్ అలాగే తయారయ్యాడు. ‘హోమర్ వర్సెస్ డిగ్నిటీ’లో డబ్బు కోసం ప్లాంటు యజమాని బర్న్స్ చెప్పిన ప్రతి వెధవ పనీ చేస్తాడు. జూలో పాండా వేషం సీను గురించి నేను రాయను, చూసినవాళ్లకి తెలుసు.

కాఫీ_కప్పు
రాయకండి. గుర్తు చేసినందుకే కోపంగా ఉంది.

టామ్జేరియన్
స్కల్లీ మీద అన్నీ రుద్దకండి. ఆ నాలుగు సీజన్లలోనే ‘బిహైండ్ ద లాఫ్టర్’ ఉంది, ‘ట్రిలజీ ఆఫ్ ఎర్రర్’ ఉంది. పైగా 1998 మేలో గొంతు నటుడు ఫిల్ హార్ట్‌మన్ చనిపోయాడు. ఆయన గొంతిచ్చిన ట్రాయ్ మెక్‌క్లూర్, లాయర్ లయనెల్ హట్జ్ ఇద్దరూ ఆయనతోనే వెళ్లిపోయారు, వేరేవాళ్లతో గొంతు చెప్పించలేదు. షో నుంచి అంత పెద్ద నవ్వు ఒక్కసారిగా పోతే ఆ లోటు ఎవరైనా ఎలా పూడుస్తారు?

పాత_క్యాసెట్
హట్జ్ లేని కోర్టు సీను ఇప్పటికీ బోసిగానే ఉంటుంది నాకు.

అణు_ప్లాంటు
పాత ఎపిసోడ్ల ముక్కలు అతికించిన క్లిప్ షోలు ఎవరి లిస్టులోనూ లేవేంటి? మొత్తం ఐదున్నాయి. ‘ఆల్ సింగింగ్, ఆల్ డాన్సింగ్’ కంటే నీరసమైంది ఉందా? పాత పాటలు అతికించి మధ్యలో దొంగ స్నేక్‌ని తుపాకీతో కూర్చోబెట్టారు.

సీజన్8_చాలు
తక్కువ ఖర్చుతో ఎపిసోడ్ల లెక్క పెంచడానికి చేసినవి అవి. వాటిని పోటీలోకి తేవడం అన్యాయం.

రాత్రి_షిఫ్ట్
138వ ఎపిసోడ్ స్పెషల్ మాత్రం క్లిప్ షో అయినా బంగారం. సింప్సన్స్ మొదలైన ట్రేసీ ఉల్‌మన్ షోలో 1987 నాటి చిట్టి కార్టూన్లు నేను మొదట చూసింది అందులోనే.

మిల్‌హౌస్_మామ
నాది వేరే ఓటు: ‘దట్ నైంటీస్ షో’, 2008. 1991లో ‘ద వే వి వజ్’ చూపించినప్పుడు హోమర్, మార్జ్ 1974లో హైస్కూల్లో కలిశారు. రేడియోలో ఆనాటి పాటలు, హోమర్ మార్జ్ దగ్గర ఫ్రెంచ్ ట్యూషన్ చెప్పించుకోవడం, కారులో ఇంటికి దింపడం, అంతా మనకి కంఠతా వచ్చు. పదిహేడేళ్ల తర్వాత వచ్చి, అబ్బే అదేం లేదు, తొంభైల్లో హోమర్ గ్రంజ్ రాక్ బ్యాండ్ పెట్టాడు, మార్జ్ కాలేజీలో ప్రొఫెసర్ వెనక పడింది అన్నారు. డోనట్‌కి స్కిన్నర్ ఎలాగో నాకు ఇది అలాగ. అది ఒక ప్రిన్సిపల్ కథే. ఇది షోకి పునాది అయిన ప్రేమకథ.

కాఫీ_కప్పు
మామా, ఇక్కడ మాత్రం నేను అవతలి పక్షం. లెక్క వేసి చూడండి. హోమర్‌కి ఎప్పుడూ నలభైకి కాస్త అటూ ఇటూ. వాళ్లకి వయసు పెరగదు, క్యాలెండర్ ఆగదు. 2008లో ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి 1974లో హైస్కూల్లో ఎలా ఉంటాడు? అప్పటికి నాలుగేళ్ల పిల్లాడు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఆ తేదీ జరపాల్సిందే. మా అబ్బాయి కొత్త సీజన్ల నుంచి వెనక్కి చూశాడు. వాడికి హోమర్ తొంభైల కుర్రాడే. 1974 ఎపిసోడ్ చూసి, వీళ్లు ఇంత పాతవాళ్లా అని వాడు అడిగాడు.

మిల్‌హౌస్_మామ
తేదీ జరపనివ్వండి, వద్దనను. ప్రేమ కూడా మార్చాలా? పాతదాంట్లో మార్జ్ హోమర్‌ని ఎంచుకోవడానికి కారణం ఉంది. స్కూల్ డ్యాన్స్‌కి మార్జ్‌ని తీసుకెళ్లిన ఆర్టీ జిఫ్ ఆ రాత్రి కారులో హద్దు మీరాక, దారిలో ఒంటరిగా నడుస్తున్న హోమర్ కనపడితే మార్జ్ వెనక్కి వచ్చి ఎక్కించుకుంటుంది. చేత్తో పట్టుకున్న ఆ చిన్న పూలగుత్తి, తెగిన గౌను పట్టీని దానితో బిగించడం, అంతే. ఒక్క డైలాగ్ లేకపోయినా అర్థమయ్యేది. కొత్తదాంట్లో అలాంటి ఒక్క క్షణం చూపించండి.

కాఫీ_కప్పు
అది ఒప్పుకుంటాను. నా వాదన తేదీల గురించే.

లీసా_పక్షం
‘లీసా గోస్ గాగా’ని మర్చిపోతే నా పేరుకే అవమానం. 23వ సీజన్ ఆఖరి ఎపిసోడ్, 2012 మే. లీసా ఒంటరితనం గురించి ఈ షో రాసినంత బాగా ఇంకెవరూ రాయలేదు. ‘లీసాస్ సబ్‌స్టిట్యూట్’లో లీసాకి కొన్నాళ్లు పాఠం చెప్పిన బెర్గ్‌స్ట్రామ్ సార్ రైలెక్కే ముందు చిన్న కాగితం ఇస్తాడు, అందులో నువ్వు లీసా సింప్సన్‌వి అని తప్ప ఇంకేమీ ఉండదు. గొంతిచ్చింది డస్టిన్ హాఫ్‌మన్. అంత పెద్ద నటుడు తన పేరు కూడా వేసుకోలేదు, మారుపేరుతో చేశాడు. గాగా ఎపిసోడ్‌లో ఏమైంది? గాయని లేడీ గాగా రైల్లో వచ్చి, నువ్వు గొప్పదానివి అని పాడుతూనే ఉంది. ఊరంతా ఆమెని పొగుడుతూనే ఉంది. హాఫ్‌మన్ లీసా కోసం వచ్చాడు. ఇక్కడ లీసాయే అతిథి కోసం వచ్చింది.

గ్రైమీ
దీనికి లైక్ ఒకటే ఇవ్వగలను, లేకపోతే పదివ్వాలి.

పాత_క్యాసెట్
అతిథుల గొడవ అప్పట్నుంచీ ఉన్నదే. 1995లో ‘ఎ స్టార్ ఈజ్ బర్న్స్’కి వేరే కార్టూన్ హీరో జే షెర్మన్‌ని తీసుకొచ్చారు. ఇది ఆ షోకి ప్రకటనలా ఉందని సింప్సన్స్ సృష్టికర్త మాట్ గ్రోనింగ్ ఆ ఎపిసోడ్ టైటిల్స్‌లోంచి తన పేరే తీయించుకున్నాడు.

టామ్జేరియన్
అయినా ఆ ఎపిసోడ్ ఎంత బాగుంటుంది! తాగుబోతు బార్నీ తీసిన సినిమా ఒక్కటి చాలు. సృష్టికర్త పేరు తీసేసుకున్నది కూడా మనం ఇష్టపడుతున్నాం. కాబట్టి ‘షియరర్‌కి నచ్చలేదు’ అనే వాదన చెల్లదు డోనట్.

డోనట్_డబ్బా
బాగా పట్టుకున్నావు. అయినా జే షెర్మన్ వచ్చాడు, వెళ్లాడు. హోమర్ పేరు మార్చి పోలేదు కదా.

రాత్రి_షిఫ్ట్
‘బార్ట్ టు ద ఫ్యూచర్’ ఎవరైనా అంటారని చూస్తున్నా. 2000 మార్చిలో వచ్చింది. లీసా అధ్యక్షురాలై, ట్రంప్ వదిలివెళ్లిన అప్పుల గురించి మాట్లాడే ఆ ఒక్క మాట పట్టుకుని జోస్యం చెప్పారంటూ అందరూ షేర్ చేస్తుంటారు. ఆ ముక్క తీసేసి మిగతాది చూడండి. బార్ట్, రాల్ఫ్ బ్యాండు, శ్వేతసౌధంలో హోమర్ బంగారం కోసం తవ్వడం. నీరసం. భవిష్యత్తు కథ అంటే ‘లీసాస్ వెడ్డింగ్’ చూడాలి.

స్నోబాల్_5
2011లో వచ్చిన ‘హాలిడేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్డ్’ కూడా చూడు. సీజన్8 వాళ్లు చూడకుండానే తిట్టే రకం ఎపిసోడ్ అది.

సీజన్8_చాలు
చూశాను. బాగుంది. అదొక్కటి.

మిల్‌హౌస్_మామ
27వ సీజన్‌లో ‘బార్ట్‌హుడ్’?

సీజన్8_చాలు
అది చూడలేదు.

మిల్‌హౌస్_మామ
మరి అన్నీ చెత్తేనని మొదటి పోస్టు ఎలా రాశావయ్యా?

వీధి_కెమెరా
క్విక్-ఈ-మార్ట్ నడిపే భారతీయుడు అపు గురించి ఎవరూ మాట్లాడకపోవడం విచిత్రంగా ఉంది. నాకు అన్నిటికంటే వీక్ ఎపిసోడ్ 2018 ఏప్రిల్‌లో వచ్చిన ‘నో గుడ్ రీడ్ గోస్ అన్‌పనిష్డ్’. అంతకుముందు నవంబరులో హరి కొండబోలు అపు మీద డాక్యుమెంటరీ తీశాడు. ఇంటిపేరు చూస్తేనే మనకి దగ్గరివాడనిపిస్తుంది. తెల్లజాతి నటుడు వెటకారపు యాసతో చెప్పిన గొంతు వల్ల స్కూల్లో మన పిల్లలు ఎంత ఏడిపింపు పడ్డారో చెప్పాడు. షో ఏం జవాబిచ్చింది? మార్జ్ పాత పిల్లల పుస్తకంలో అభ్యంతరకరమైనవన్నీ తీసేస్తే కథ చప్పగా అయిపోతుంది. లీసా మన వైపు తిరిగి, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయిపోయింది, ఏం చేస్తాం అన్నట్టు మాట్లాడుతుంది. పక్కనే అపు ఫొటో. ఆ మాట లీసా నోట పలికించారు చూడండి, ఎవరికి అన్యాయం జరిగినా ముందు నిలబడే పిల్ల నోట! నాకు స్కిన్నర్ పేరు మారడం కంటే ఇది పెద్ద ద్రోహం.

అణు_ప్లాంటు
నాకు అపు అంటే ఇష్టం. ఆ షోలో అందరికంటే కష్టపడే మనిషి. హోమర్ కంటే తెలివైనవాడు, డాక్టరేట్ ఉన్నవాడు. వెటకారం అందరి మీదా ఉంది, స్కాట్లండ్ విల్లీ మీద లేదా?

వీధి_కెమెరా
ఉంది. అయితే స్కాట్లండ్ వాళ్లకి టీవీలో వేరే మొహాలు కూడా ఉన్నాయి. అప్పట్లో మనకి అపు ఒక్కడే. నేనూ అపుని ఇష్టపడ్డాను, అందుకే ఆ జవాబు నొప్పించింది. హ్యాంక్ అజారియా 2020లో ఇక ఆ గొంతు చెప్పనన్నాడు. ఆయన విన్నాడు. ఎపిసోడ్ రాసినవాళ్లు వినలేదు.

లీసా_పక్షం
దీనికి నా ఓటు మార్చుకుంటున్నాను. బాయ్స్ ఆఫ్ బమ్మర్ రెండో స్థానం. లీసా చేత ఆ మాట చెప్పించినందుకు.

గ్రైమీ
నేను మార్చను. ఆ ఒక్క సీను ఘోరమే, మిగతా ఇరవై నిమిషాలు మామూలు ఎపిసోడ్. మనం ఎపిసోడ్ గురించి మాట్లాడుతున్నాం.

వీధి_కెమెరా
ఆ ఒక్క సీను కోసమే ఆ ఇరవై నిమిషాలు రాశారని నా అభిప్రాయం.

డోనట్_డబ్బా
ఇంతవరకూ చూస్తే ఎవరి ఓటూ ‘నవ్వు రాలేదు’ అనే కారణంతో పడలేదు. క్లిప్ షోలకి అణు_ప్లాంటు వేసినది తప్ప. టామ్జేరియన్, నీ వాదన విన్నాక పాపర్ మళ్లీ చూశాను. అసలు స్కిన్నర్ ఆగ్నెస్‌తో ఉండే సీను బాగుంది, అది ఇస్తాను. జడ్జి తీర్పు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

టామ్జేరియన్
అంత దూరం వచ్చావు, చాలు. మిగతాది పదిహేనో సీజన్ పిల్లి చూసుకుంటుంది.

కొత్త_చూపరి
నేను ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. ఇవన్నీ చదివాక చూడాలనిపిస్తోంది. సరదాగా ఈ చెత్తవాటితోనే మొదలుపెట్టొచ్చా?

సీజన్8_చాలు
మూడో సీజన్ నుంచి ఎనిమిది దాకా. ఆ తర్వాత టీవీ అమ్మేయండి.

స్నోబాల్_5
ఆయన మాట వినకండి. 33వ సీజన్‌లో ‘పిక్సలేటెడ్ అండ్ అఫ్రెయిడ్’ ఉంది, హోమర్, మార్జ్ మంచు అడవిలో చిక్కుకుంటారు. వాళ్లిద్దరి కాపురం ఏంటో దానితోనే తెలుస్తుంది.

రాత్రి_షిఫ్ట్
చెత్తవాటితో మొదలుపెడితే మేం ఎందుకు ఇంతలా కొట్టుకుంటున్నామో అర్థం కాదండి. హోమర్ ఎలాంటివాడో తెలిశాకే గ్రైమ్స్ కోపం తెలుస్తుంది. 1991 గుర్రం చూశాకే 2000 గుర్రం మీద గ్రైమీ కడుపుమంట తెలుస్తుంది. రెండో సీజన్ నుంచి మొదలుపెట్టండి. బెర్గ్‌స్ట్రామ్ సార్ ఎపిసోడ్ దాకా వచ్చాక ఇక్కడ ఒక ముక్క రాయండి.